ఏడో బిందె

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక, మా సంఘానికి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు నా పక్కన బెంచీ మీద కూర్చుని సెల్‌ఫోను తీశారు. "తాతగారూ, గుడి గోడకు ఒక రాతిపలక పెట్టిద్దామనుకుంటున్నాం. పెరంబూరులో మన తెలుగు లూథరన్ సంఘం ఎక్కడ మొదలైంది, మొదలుపెట్టిన దొరగారెవరు? ఒక్క వాక్యంలో చెప్పండి, ఇప్పుడే రాసుకుంటాను" అన్నారు. దొరలెవరూ లేరండీ, రైల్వే క్వార్టర్సులో ఒక కుళాయి దగ్గర మొదలైంది అన్నాను. ఆయన కుళాయి అని టైపు చేసి, నా ముఖంలోకి ఒకసారి పరీక్షగా చూసి, "మంచినీళ్ళు తెప్పించమంటారా?" అని అడిగారు. పాపం, మంచి మనిషి. ఇంటికి వచ్చి పాత డైరీల పెట్టె తెరిచి, యాభైల నడుమ నాటి నల్ల అట్టల పుస్తకం తీసి చదువుతుంటే నాకు మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. ఒక్క వాక్యంలో చెప్పడం నా వల్ల కాదు గనుక వివరంగానే రాస్తున్నాను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. రైల్వే వర్క్‌షాపు టైమాఫీసులో గుమాస్తాను. ఎవరు ఎన్ని గంటలకు లోపలికి వచ్చారు, ఎన్ని నిమిషాలు ఆలస్యం, ఇదే నా పని. అక్క, బావల దగ్గర ఉండేవాణ్ణి. బావ అదే వర్క్‌షాపులో ఫిట్టరు. మా వరుసలో పది ఇళ్ళు, పది ఇళ్ళకూ వీధి చివర ఒకే కుళాయి. నీళ్ళు తెల్లవారుజామున ఐదింటికి వచ్చి ఆరున్నరకు పోయేవి. వర్క్‌షాపు సంగు, అంటే ఆ పెద్ద కూత, మోగేలోపల వంటలై క్యారియర్లు కట్టాలి. ఇక అక్కడ జరిగే యుద్ధం ఊహించుకోండి. నేను అప్పుడైనా ఇప్పుడైనా చిందరవందరను చూసి ఊరుకోలేను. ఒక అట్టముక్క మీద ఇళ్ళ వరుసను బట్టి ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి, తలా ఒక బిందె పట్టుకుని మళ్ళీ వెనక్కు వెళ్ళి నిలబడాలని నియమం రాసి, కుళాయి పక్కన మేకుకు తగిలించాను. మొదట నన్ను తిట్టారు. వారం తిరిగేసరికి అంకెలే పేర్లయిపోయాయి. "మూడో బిందె కొడుక్కి జ్వరమంట", "తొమ్మిదో బిందె ఊరికెళ్ళింది" అని చెప్పుకునేవారు. మా అక్క ఎనిమిదో బిందె. ఆమెకు ముందు నిలబడే ఏడో బిందె మా పక్కింటి నాయుడమ్మ.

నాయుడమ్మ గురించి రెండు మాటలు చెప్పాలి. వాళ్ళ పూర్వులు ఎన్ని తరాల కిందట ఈ వైపు వచ్చారో వాళ్ళకే తెలియదు. పిల్లలతో అరవం, మొగుడితో సగం సగం, మాతో తెలుగు. రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు, ఇత్తడి బిందె, ఆ బిందె కంటే గట్టిగా మోగే గొంతు. ఆ పది ఇళ్ళలో తొమ్మిది ఇళ్ళు గుంటూరు వైపు నుంచి రైల్వే పనులకు వచ్చిన మావాళ్ళవి, లూథరన్ కుటుంబాలు. నాయుడమ్మ ఇల్లు ఒక్కటే వేరు. కానీ ఆ తేడా కుళాయి దగ్గర ఎవరికీ గుర్తుండేది కాదు. ఈ కథలో మేం చేసిన పొరపాటంతా అక్కడే ఉంది.

ఆ వేసవికి మా పెద్దమ్మ మద్రాసు వచ్చింది. మా అమ్మకు అక్క. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోతే, మిషను బడిలో చదువుకుని బైబిలు ఉమన్‌గా చేరింది. ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు వాక్యం చెప్పడం, ప్రార్థన నేర్పడం ఆ ఉద్యోగం. జనం బైబిలమ్మ అనేవారు. తెల్లచీర, నల్లగొడుగు, భుజాన గుడ్డసంచి. ఆంధ్ర రాష్ట్రం విడిపోయి మద్రాసు మనది కాదని తేలిపోయిన రోజులవి. గుంటూరులోని మిషను ఆఫీసువారికి ఒక సందేహం వచ్చింది. మద్రాసులో ఉన్న తెలుగువాళ్ళ కోసం మనిషిని ఉంచడం అవసరమా, వాళ్ళు తమిళ సంఘాల్లో కలిసిపోతే సరిపోదా అని. ఏడాది గడువిచ్చి పెద్దమ్మను పంపారు. ఏడాది చివర, ఈస్టరుకు ముందు వచ్చే మట్టలాదివారానికి ముందురోజు ఒక పెద్ద పాస్టరుగారు వచ్చి పరీక్ష చేస్తారు. మా ఆడవాళ్ళు కన్ఫర్మేషనుకు తగినట్టు తయారైతే పెద్దమ్మ ఇక్కడే ఉంటుంది, మాకు తెలుగు ఆరాధన ఉంటుంది. లేకపోతే ఆమె పెట్టె సర్దుకోవాలి.

ఇతరుల కోసం కొంచెం వివరించాలి. మాలో పసితనంలోనే బాప్తిస్మం ఇస్తారు. పెద్దయ్యాక, పది ఆజ్ఞలతో మొదలయ్యే ప్రశ్నోత్తరాల చిన్న పుస్తకం నేర్చుకుని, సంఘం ముందు అడిగినవాటికి జవాబు చెప్పి, తన విశ్వాసాన్ని తన నోటితో ఒప్పుకోవాలి. అదే కన్ఫర్మేషను. అది కాకుండా ప్రభు భోజనం బల్ల దగ్గరకు రాకూడదు. మా తొమ్మిది ఇళ్ళ ఆడవాళ్ళూ పొలం పనుల మధ్య, వలసల మధ్య పెరిగినవాళ్ళు. బాప్తిస్మం ఉంది, అక్షరం లేదు, కన్ఫర్మేషను లేదు. మా అక్కయితే నన్ను బడికి పంపడం కోసం తాను మానేసింది. రాయపురంలో తమిళ లూథరన్ సంఘంవారి గుడిలో మాకు చోటిచ్చేవారు. అందరూ వెళ్ళి బలిపీఠం ముందు మోకాళ్ళూనుతుంటే వీళ్ళు వెనక బెంచీలో చంకన పిల్లలతో చూస్తూ కూర్చునేవారు.

ఆ చిన్న పుస్తకానికి గొప్ప చరిత్ర ఉంది. దాదాపు ఐదు వందల ఏళ్ళ కిందట జర్మనీలో, ప్రతి ఇంటి యజమానీ తన ఇంట్లోవాళ్ళకు నేర్పడానికి రాసిన పుస్తకం అది. మా ఇంటి యజమాని మా బావ. పెద్దమ్మ మొదటి వారంలోనే ఆ సంగతి ఆయనకు గుర్తు చేసింది. బావ రెండు రోజులు సాయంత్రం పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. మొదటి ఆజ్ఞ దగ్గర ఆవలించాడు, రెండో ఆజ్ఞ దగ్గర గుర్రు పెట్టాడు. మిగిలిన యజమానులూ అంతే. పెద్దమ్మ మధ్యాహ్నాలు ఇంటింటికీ వెళ్ళింది. ఒకామె బియ్యం ఏరుతుండేది, ఒకామె పిల్లకు పేలు చూస్తుండేది, ఒకామె తలుపు దగ్గరే కూర్చుని నిద్రపోయేది. నెలన్నర గడిచింది. ఒక్కరూ మూడో ఆజ్ఞ దాటలేదు. "ఆడది కదలకుండా నిలబడే చోటు ఒక్కటంటే ఒక్కటి ఉందా ఈ ఊళ్ళో?" అని పెద్దమ్మ విసుక్కుంది. "కుళాయి దగ్గర" అన్నాను నేను, పేపరు చదువుకుంటూ, ఏదో మాటవరసకు.

మర్నాడు ఐదింటికి పెద్దమ్మ గొడుగు, సంచితో కుళాయి దగ్గర ఉంది! అక్కడ పుట్టింది ఆమె పద్ధతి. బిందె కుళాయి కింద పెట్టిన మనిషి, అది నిండేలోపల తన జవాబు పూర్తి చేయాలి. నీళ్ళు జోరుగా వచ్చిన రోజు జవాబు పరుగెత్తేది, సన్నగా వచ్చిన రోజు రాగం తీసేది. వెనక నిలబడ్డవాళ్ళు అందించేవారు, తప్పులు దిద్దేవారు, నవ్వేవారు. ఇంకో అద్భుతం ఆ సాయంత్రం నేను లెక్క వేసి కనుక్కున్నాను. పది ఆజ్ఞలు, పది బిందెలు! రెండో చుట్టులో విశ్వాస ప్రమాణం మూడు భాగాలు, ప్రభువు ప్రార్థనలో విన్నపాలు ఏడు, కలిపితే మళ్ళీ పది! ఆ రాత్రి డైరీలో ఈ లెక్కను ఎర్రసిరాతో రాసి కింద రెండు గీతలు గీశాను. దేవుడు నేను రాసిన అట్టముక్కను చూసే ఆ పుస్తకం రాయించాడేమో అనిపించేంత సంబరం నాకు.

పది బిందెలన్నాను గదా. ఏడో బిందె నాయుడమ్మది. మొదటి రోజు ఆమె దగ్గరకు వచ్చేసరికి పెద్దమ్మ మర్యాదగా ఆమెను వదిలి, అక్క వైపు తిరిగింది. నాయుడమ్మ నడుం మీద చేయి పెట్టుకుంది.

"ఏందక్కా, అందుర్నీ అడిగి నన్ను దాటేస్తివి? నేనేంది, సుమ్మా ఊరికే నిలబడుకోనుండాలా?"

"అది కాదమ్మా, ఇది మా గుడి సంగతి. నీకెందుకు శ్రమ అని."

"గుడి ఆడ. ఈడుండేది కొళాయి. నా వంతుది నాకు చెప్పు. బిందె నిండిపోతా ఉంది, తొందరగా!"

అలా ఏడో ఆజ్ఞ, దొంగిలించకూడదనేది, నాయుడమ్మదయింది. రెండో చుట్టులో ఏనాటి తిండి ఆనాటికి ఇమ్మని అడిగే విన్నపమూ ఆమెదే అయింది. పదిమందిలో అందరికంటే ముందు ఆమెకే వచ్చింది. అంతటితో ఊరుకుంటేనా! మా లూథరన్ల లెక్కలో దొంగతనం ఏడో ఆజ్ఞ. వేరే మిషన్లవాళ్ళు లెక్కించే తీరు వేరు, వాళ్ళకది ఎనిమిదోది. ఒకరోజు మార్కెట్టులో వేరే సంఘం ఆవిడ ఎవరో ఎనిమిదో ఆజ్ఞ అన్నదట. కుంకుమ బొట్టుతో నాయుడమ్మ కూరల బుట్ట కింద పెట్టి, "ఎనిమిది మా పక్కింటామెది. ఇది ఏడు. దినమూ చెప్పేది నేను, నాకు తెలీదా?" అని వాదించి గెలిచి వచ్చింది. పెద్దమ్మ ఆ మాట విని పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఎంత నవ్విందో!

పది నెలలు అలా సాగింది. వానాకాలంలో గొడుగు కింద, ఎండాకాలంలో నీళ్ళు దారంలా వస్తుంటే, ఒక్కరోజు తప్పకుండా. మధ్యలో అక్క కడుపుతో ఉండి మూడు రోజులు మంచం దిగలేదు. ఆ మూడు రోజులూ మా బిందెలు నిండి గుమ్మంలో ఉండేవి. ఎవరు తెచ్చారని నేను అడగలేదు. మగవాళ్ళు అడగరు.

పరీక్ష దగ్గర పడింది. పరీక్ష చేసే పాస్టరు అయ్యగారికి ముందుగా జాబితా పంపాలి. ఆ పని నాది. టైమాఫీసు టైపు మిషను మీద, మా పైఅధికారి అనుమతి తీసుకుని, మూడు ప్రతులు కొట్టాను. కుళాయి వరుసలోనే పేర్లు. ఆరో బిందె తర్వాత ఏడు దగ్గర ఆగాను. నాయుడమ్మ మన సంఘం కాదు, ఆమె పేరు ఉండకూడదు. జాబితాలో అంకె దాటవేస్తే ఆఫీసు కాగితం అందం చెడుతుంది. అందుకని ఎనిమిదిని ఏడు చేశాను, తొమ్మిదిని ఎనిమిది, పదిని తొమ్మిది. ఎక్కడా ఖాళీ లేకుండా తొమ్మిది పేర్లు, అంచులు సరిగ్గా కుదిరాయి. ఇంత చక్కని జాబితా మిషను ఆఫీసులో ఎవరూ చూసి ఉండరని మురిసిపోయాను. ఆ రోజు డైరీలో అదే రాసుకున్నాను కూడా. ఇప్పుడు చదివితే చెవులు వేడెక్కుతున్నాయి.

శనివారం మధ్యాహ్నం అందరం బస్సెక్కి రాయపురం వెళ్ళాం. సముద్రం గాలి, చేపల వాసన, రేవులో ఓడ కూత. గుడి కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. తొమ్మిదిమందీ ఉతికిన చీరలతో, తలకు కొబ్బరినూనెతో, ముందు బెంచీల మీద నా జాబితా ప్రకారం కూర్చున్నారు. పెద్దమ్మ పక్కన నిలబడింది. ఆమె చేతిలో గొడుగు లేదు, అందుకని ఆ చేతులకు ఏం చేయాలో తెలియలేదు. అయ్యగారు పొడుగ్గా, సన్నగా, నల్లకోటుతో ఉన్నారు. నవ్వు ముఖం కాదు. జాబితా చూసి "చక్కగా ఉంది" అన్నారు. నేను బావ వైపు చూశాను.

మొదటి ఆరు ఆజ్ఞలూ రైలు పట్టాల మీద నడిచినట్టు నడిచాయి. అయ్యగారి కనుబొమలు కొంచెం సడలాయి. పెద్దమ్మ ఊపిరి వదిలింది. అప్పుడు ఆయన మా అక్క వైపు తిరిగారు.

"అమ్మా, దొంగిలించకూడదన్న ఆజ్ఞకు భావమేమిటో చెప్పండి."

అక్క నోరు తెరిచింది. పది నెలలు రోజూ రెండడుగుల దూరంలో ఆ జవాబు విన్నది. చెవికి తెలుసు, నోటికి తెలియదు. అయ్యగారు, పాపం, ధైర్యం చెబుదామని "మీ వంతేనమ్మా, చెప్పండి" అన్నారు. వంతు అన్న మాట చెవిన పడగానే అక్కలో ఏదో తిరిగింది. "పొరుగువాళ్ళ మీద చాడీలు చెప్పకూడదు, వాళ్ళ మాటలకు మంచి అర్థమే తీయాలి!" అని గడగడా తన ఎనిమిదో జవాబు చెప్పేసి కూర్చుంది. ఇక ఆపేదెవరు? అబద్ధాల గురించి అడిగితే తొమ్మిదో బిందె లేచి, పక్కవాడి ఇంటి మీద కన్ను వేయకూడదంది. ఇంటి గురించి అడిగితే పదో బిందె, పక్కవాడి ఎద్దునూ పనివాణ్ణీ మాయమాటలతో లాక్కోకూడదంది. అందరూ స్పష్టంగా, ధైర్యంగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. పదో ఆజ్ఞకు వచ్చేసరికి అయ్యగారి ముందు బెంచీ అయిపోయింది. ఆయన గోడను చూశారు, జాబితాను చూశారు, నన్ను చూశారు. అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో!

అయ్యగారు పుస్తకం వేలితో మూసి పెద్దమ్మతో నెమ్మదిగా అన్నారు. "బైబిలమ్మగారూ, మీరు కష్టపడ్డారు, కాదనను. కానీ చిలకలకు నేర్పినట్టున్నారు. ప్రశ్న ఏదో వీళ్ళకు అక్కరలేదు. ఇలా అయితే నేను ఆఫీసుకు ఏం రాయను?"

పెద్దమ్మ ముఖం తెల్లబోయింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆమె తలదించుకుని నిలబడటం నేను చూసిన ఒకే ఒక్క సమయం అది.

"ప్రభువు ప్రార్థన అడిగి చూస్తాను. అదీ కాకపోతే ఇక ఆపుదాం" అన్నారాయన. ముగ్గురు విశ్వాస ప్రమాణం చెప్పారు. మరో ముగ్గురు మొదటి మూడు విన్నపాలు చెప్పారు. మళ్ళీ అక్క దగ్గరకు వచ్చింది. "ఏనాటి తిండి ఆనాటికి ఇమ్మని అడుగుతున్నామే, తిండి అంటే ఏమిటమ్మా?" అక్క కళ్ళ నిండా నీళ్ళు. బయట కాకి అరిచింది.

అంతలో కిటికీలోంచి గొంతు వినిపించింది. గుడి మొత్తం మోగే గొంతు!

"తినేదీ తాగేదీ, కట్టే గుడ్డ, ఉండే ఇల్లు, పొలమూ గొడ్డూ, మంచి మొగుడూ మంచి పెండ్లామూ, చెప్పినమాట వినే బిడ్డలు, సరిగా పరిపాలించే దొరలు, ఒంట్లో కులాసా, మంచి స్నేహితులు, మంచి ఇరుగుపొరుగు, కొళాయిలో నీళ్ళు!"

అందరం తిరిగి చూశాం. కిటికీ చువ్వలు పట్టుకుని నాయుడమ్మ! నెత్తిమీద బుట్ట, బుట్టలో కరువాడు, అంటే ఎండుచేపలు. రాయపురంలో చేపలు చవకని వచ్చానని తర్వాత చెప్పింది. పెరంబూరు మార్కెట్టు ముందు మూడు చేపల కొట్లు దాటుకుని వచ్చిందన్నమాట. మొదటి చుట్టు తప్పినప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిందట. రెండోసారి ఇక ఆగలేకపోయింది.

"ఎవరమ్మా నువ్వు? ఈ సంఘం మనిషివా?" అన్నారు అయ్యగారు.

"కాదు సామీ. నేను ఏడో బిందె."

అయ్యగారికి ఏమీ అర్థం కాలేదు. పెద్దమ్మకు మాత్రం ఒక్కసారిగా అంతా అర్థమైంది. తల ఎత్తి, కుళాయి సంగతి, బిందెల సంగతి, వంతుల సంగతి మొదటి నుంచీ చెప్పేసింది. "నాదే తప్పండి. వరుసలో నిలబడ్డ మనిషిని తప్పించి పక్కామెకు చెప్పడం నాకు చేతకాలేదు. ఇవాళ ఆమె లేకపోతే గొలుసు తెగుతుందని నాకు తోచలేదు. ఆమె మాలో మనిషి కాదన్న సంగతి మరిచిపోయాను."

అయ్యగారు నాయుడమ్మను లోపలికి రమ్మన్నారు. ఆమె బుట్ట గుమ్మం బయట పెట్టి, గడప మీద నిలబడింది.

"నువ్వు చెప్పినదానికి అర్థం తెలిసి చెబుతున్నావా, లేక నువ్వూ చిలకవేనా?"

నాయుడమ్మకు కోపం వచ్చింది. "తెలీకేంది? ఇదో, ఈ పాప కడుపుతో ఉండి మూడు దినాలు కొళాయికి రాలా. ఆ మూడు దినాలూ నేనే ఆమె వంతు నీళ్ళు పట్టి ఆమింట్లో పెట్టొచ్చినా. ఆ వంతు నేనే పట్టుకోనుంటే ఎవురు చూస్తారు? ఎవురూ చూడరు. అయినా అది దొంగతనమే గదా సామీ? పక్కింటోళ్ళది మనం తీసుకోకుంటే చాలదు, పోకుండా చూడాల. మీ బుక్కులో ఏడోది అదే గదా చెప్పేది?"

అయ్యగారు, నేను నా రెండు కళ్ళతో చూశాను, తాను కూర్చునే కుర్చీ తానే ఎత్తుకొచ్చి ఆరో ఆమెకూ మా అక్కకూ మధ్య వేశారు. "కూర్చో అమ్మా" అన్నారు. అందరి వైపూ తిరిగి "మొదటి నుంచి" అన్నారు.

అబ్బ, ఆ రెండోసారి! పెద్ద వానకు నీళ్ళు జోరందుకున్నప్పుడు కూడా అలా సాగలేదు. ఒకటి, రెండు, మూడు, నాయుడమ్మ ఏడు అనగానే అక్క ఎనిమిది అందుకుంది, తొమ్మిది, పది! ఒకరి ఆఖరి మాట మీదే ఇంకొకరి మొదటి మాట. రెండో చుట్టు. పిల్లలు కూడా ఏడుపు మానేశారు. బావ బెంచీ మీద వేళ్ళతో తాళం వేయడం మొదలుపెట్టాడు. తిండి దగ్గరకు వచ్చి నాయుడమ్మ మళ్ళీ కుళాయిలో నీళ్ళు అంది. "నీళ్ళు పుస్తకంలో లేవు" అన్నారు అయ్యగారు. "ఉంటాయి సామీ, మీరు సరిగా చూడలా" అంది నాయుడమ్మ. అప్పుడు నవ్వారాయన. నల్లకోటు కదిలిపోయేలా నవ్వారు.

ఆ తర్వాత ఆయన ఊరుకోలేదు సుమా. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, పుస్తకం మూసి, నీ మాటల్లో చెప్పు అని అడిగారు. మా అక్కను చాడీల గురించి అడిగితే, మూడో బిందెతో తనకు ఐదు నెలలు మాటలు లేకపోవడం, ఆ జవాబు రోజూ చెప్పీ చెప్పీ ఒకనాడు సిగ్గుపడి తానే పలకరించడం, అంతా చెప్పేసింది. మాకెవరికీ తెలియని సంగతి! సాయంత్రం దాకా సాగింది. మర్నాడు మట్టలాదివారం, తొమ్మిదిమందీ బలిపీఠం ముందు మోకాళ్ళూనారు. అయ్యగారు ఒక్కొక్కరి తల మీద చేయి ఉంచారు. అక్క ఆ రోజు మొదటిసారి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకుంది. తిరిగి వస్తూ చిన్నపిల్లలా నా చేయి పట్టుకుని నొక్కింది. నాయుడమ్మ వెనక బెంచీలో మా అక్క చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆఫీసు నుంచి ఉత్తరం ఈస్టరు తర్వాత రెండో వారంలో వచ్చింది. ముందురోజు సాయంత్రమే వచ్చినా పెద్దమ్మ విప్పలేదు. తెల్లారి కుళాయి దగ్గరకు తీసుకొచ్చి, "చదువు నాయనా, అందరి ముందూ చదువు" అంది. గట్టిగా చదివాను. ఆమె పెరంబూరులోనే ఉండాలి. నెలకొకసారి అయ్యగారు వచ్చి తెలుగులో ఆరాధన జరుపుతారు. పరీక్షకు పదిమంది హాజరయ్యారు, తొమ్మండుగురిని చేర్చుకున్నాం అని ఆయన రాసిన నివేదికను ఆఫీసు అంగీకరించింది. "పదిమందా? నన్నూ లెక్కేసినాడా ఆ కోటాయన?" అని నాయుడమ్మ కేక! పెద్దమ్మను ఎత్తి గిరగిరా తిప్పేసింది. నాలుగో బిందె నిండి పొర్లి వీధంతా నీళ్ళు. ఎవరూ కుళాయి కట్టేయలేదు. సంగు మోగింది. ఆ రోజు మా వరుసలోని మగవాళ్ళందరూ ఖాళీ క్యారియర్లతో, ఎనిమిది నిమిషాల ఆలస్యంతో గేటు దాటారు. రాసింది నేనే. నా పేరు కూడా రాశాను.

పెద్దమ్మ ఒకసారి నాయుడమ్మను అడిగింది, నువ్వూ మాతో చేరరాదూ అని. "మా ఇంటి సామి ఒప్పుకోడులే అక్కా. కానీ నా వంతు మాత్రం ఎవురికీ ఇయ్యొద్దు" అంది. పెద్దమ్మ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఎవరికీ ఇవ్వలేదు కూడా. కొత్తగా రైలుపెట్టెల కర్మాగారం వచ్చి తెలుగు కుటుంబాలు పెరిగాయి. పెద్దమ్మ చుట్టుపక్కల నాలుగు కుళాయిల దగ్గర తరగతులు పెట్టింది. అయినా మా కుళాయి దగ్గర ఏడోది నాయుడమ్మదే.

మూడేళ్ళ తర్వాత ఆమె భర్తకు అరక్కోణం బదిలీ అయింది. సామాను ఎక్కించిన బండి వెళ్ళిపోయిన మర్నాడు తెల్లవారుజామున నేను పళ్ళు తోముకుంటూ గుమ్మంలో నిలబడి చూశాను. ఆరో బిందె జవాబు ముగిసింది, ఆమె బిందె తీసుకుంది. కుళాయి కింద ఎవరూ బిందె పెట్టలేదు. నీళ్ళు రాతి మీద పడుతున్నాయి. కాసేపటికి మా అక్క ముందుకు వచ్చి, తన బిందె పెట్టి, ఎప్పుడూ తన నోటితో చెప్పని ఆ ఏడో జవాబు చెప్పడం మొదలుపెట్టింది. గుంటూరు మనిషి మా అక్క. కానీ ఆ జవాబు ఆమె నోట నాయుడమ్మ యాసలోనే వచ్చింది, ఈడ ఆడలతో, మధ్యలో నడుం మీద చేయితో సహా. ఎవరూ నవ్వలేదు. అక్క బతికి ఉన్నన్నాళ్ళూ ఆ ఒక్క జవాబు అలాగే చెప్పింది. ఆమె దగ్గర నేర్చుకున్న మనవరాలు ఇవాళ ఆదివారం బడిలో పిల్లలకు అలాగే నేర్పుతోంది, ఆ యాస ఎవరిదో తెలియకుండానే. మనుషులు ముందు వెళ్ళిపోతారు. వాళ్ళ మాట తీరు మాత్రం ఎన్నో ఏళ్ళు ఆలస్యంగా బయలుదేరుతుంది.